మామ కెమెరాలో మరక: తుడవాలా, చెప్పాలా?

దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి ఇరవై మూడేళ్ల యువకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. విషయం క్లుప్తంగా ఇది.

డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా మేనమామ ఫొటో స్టూడియోలో పనిచేస్తున్నారు. స్టూడియోకు ఉన్న పెద్ద కెమెరా ఒక్కటే, నికాన్ డి750. దానికి 24-120 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్, ఒక 50 మిల్లీమీటర్ల లెన్స్. మొన్న పెద్దగట్టు జాతరకు మామను అడిగి కెమెరా పట్టుకొని సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి వెళ్లారు. స్టూడియోలో పనిచేసే ఇంకో పిల్లవాడు తోడు వచ్చాడు. "ఓ లింగా" అంటూ జనం గుట్ట ఎక్కుతుంటే, దుమ్ము, పసుపు లేస్తుంటే, ఆ మధ్యలోనే నిలబడి లెన్స్ మార్చారు. ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఫొటోలో ఆకాశం మీద నల్ల చుక్కలు. నోటితో ఊదారు, చుక్కలు పెరిగాయి. మెడికల్ షాపులో స్పిరిట్ తెచ్చి, కెమెరాను బల్బ్ మోడ్‌లో (బటన్ నొక్కి పట్టినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే మోడ్) పెట్టి, ఇయర్ బడ్‌తో లోపల తుడిచారు. ఇప్పుడు చుక్కలకు తోడు మబ్బు పట్టినట్టు చారలు. 50 లెన్స్‌ను ఫోన్ టార్చి పెట్టి చూస్తే లోపల సాలెగూడు లాంటి పోగులు కూడా కనబడ్డాయి. అది ఇన్నాళ్లూ బీరువాలో, చీరల పక్కన, డాంబర్ గోలీల మధ్య ఉండేది.

మామ కంప్యూటర్‌లో చుక్కలు చూశారు. "ఆ పోరడే యాడనో పడేసిండు" అని తోడు వెళ్లిన పిల్లవాడిని అనుమానిస్తున్నారు. ఈయన నోరు విప్పలేదు. పది రోజుల్లో ఒక పెండ్లి ఆర్డర్ ఉంది. ఉత్తరం చివరి మాటలు ఆయనవే: "మామ బిడ్డను నాకే ఇయ్యాలని ఇంట్ల మాట నడుస్తున్నది. ఇప్పుడు చెప్తే ఏమైతదో. మామకు తెలువకుండ ఇంట్లనే సాఫ్ చేసి పెడితే కాదా?"

మీరు తుడిచింది కెమెరా లోపల బొమ్మ పడే సెన్సార్‌ను కాదు. సెన్సార్ ముందు ఒక సన్నని గాజు పలక ఉంటుంది, దుమ్ము పడేదీ మరక అంటేదీ దాని మీదే. మెత్తటి దూదితో ఒకటి రెండుసార్లు తుడిచినంత మాత్రాన ఆ గాజు పాడైపోయిందని అనుకోనక్కరలేదు. స్పిరిట్ మరక చాలావరకు పోయేదే. భయపడాల్సింది గీతల గురించి. దూది కింద జాతర మట్టి రేణువు ఉండి ఉంటే గీత పడి ఉండవచ్చు. అది ఉందో లేదో తేలే దాకా మామకు ఏం చెప్పాలన్నది మీకూ తెలియదు. కాబట్టి ముందు పరీక్ష.

కెమెరాను అపర్చర్ ప్రయారిటీలో, అంటే లెన్స్ రంధ్రం ఎంతో మీరే ఎంచుకునే మోడ్‌లో పెట్టండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 22 (ఎఫ్ అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), ఎక్స్‌పోజర్ ప్లస్ 1. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి కావాలనే చెడగొట్టండి. సున్నం వేసిన తెల్ల గోడను గానీ, సూర్యుడు లేని వైపు ఆకాశాన్ని గానీ తీయండి. గోడైతే షట్టర్ తెరుచుకున్నంతసేపూ కెమెరాను చిన్నగా అటూ ఇటూ కదపండి. గోడ మీది మచ్చలు చెదిరిపోతాయి, కెమెరాలోని మచ్చలు కదలకుండా ఉంటాయి. ఆ ఫొటోను కంప్యూటర్‌లో నూరు శాతం పెద్దది చేసి, ఎడమ పై మూల నుంచి వరుసగా చూస్తూ రండి.

అంచులు మసకగా ఉన్న నల్ల చుక్క పొడి దుమ్ము. మధ్యలో తేటగా, చుట్టూ వలయంలా ఉంటే తుంపర ఎండిన గుర్తు, అంటే మీ నోటి ఊదుడు. వంకర పోగు దూదిది. మబ్బులాంటి చార స్పిరిట్‌ది. మందుల షాపు స్పిరిట్‌లో నీళ్లు కలిసి ఉంటాయి, గాయాలకు వాడే సరుకు కాబట్టి వేరే పదార్థాలూ ఉంటాయి. ఆల్కహాల్ ఎగిరిపోయాక అవి గాజు మీదే మిగులుతాయి. దూదిని పుల్లకు అంటించే జిగురు కూడా స్పిరిట్‌లో కొంత కరగవచ్చు. ఎంత తుడిచినా తిరిగి తిరిగి చార కనబడటానికి కారణం ఇదే. ఇక సన్నగా, నిటారుగా, గీసినట్టు ఉన్న గీత ఎంత శుభ్రం చేసినా అదే చోట ఉంటే మాత్రం అది గీత.

ఇంకో చిన్న లెక్క చేతనైతే పని సులువవుతుంది. సెన్సార్ మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. లెన్స్ తీసి ఎదురుగా చూస్తున్నప్పుడు ఫొటోలో పైన ఉన్న మచ్చ మీకు కింద ఉంటుంది. ఎడమ ఎడమే, కుడి కుడే. ఆకాశంలో చుక్కలంటే పలక కింది అంచున వెతకాలి.

కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో కూడా ఒక వెంట్రుక కనబడుతోందని రాశారు. ఫొటోలో అది లేదు కదా, దాని జోలికి పోకండి. అది కెమెరా లోపలి అద్దం పైన ఉండే ఫోకసింగ్ స్క్రీన్ మీద ఉంటుంది. ఆ స్క్రీన్ మెత్తటి ప్లాస్టిక్, గోరు తగిలినా గీత పడుతుంది. అద్దానికి పూత వెనకవైపు కాక పైనే ఉంటుంది, బట్ట పెడితే పూతే లేస్తుంది. ఈ రెండింటికీ చేత్తో నొక్కే బ్లోయర్ గాలి తప్ప ఇంకేదీ వద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఇంట్లో చేయడం మీ చేతుల్లోని పనే, వస్తువులు సరైనవైతే. కావలసినవి మూడు: రబ్బరు బంతి లాంటి పెద్ద బ్లోయర్, మీ కెమెరాలో ఉన్న పెద్ద (ఫుల్ ఫ్రేమ్) సెన్సార్‌కు సరిపోయే 24 మిల్లీమీటర్ల స్వాబ్‌లు (పుల్ల చివర మెత్తటి బట్ట ఉండే తుడుపులు), వాటితో వచ్చే సెన్సార్ ద్రవం. మీ సెన్సార్ ఇంచుమించు 36 బై 24 మిల్లీమీటర్లు. స్వాబ్ వెడల్పు సరిగ్గా పలక ఎత్తంత ఉంటుంది కాబట్టి ఒక్క ఊపులో మొత్తం తుడుస్తుంది. 16 మిల్లీమీటర్లవి చిన్న సెన్సార్లకు, ధర తక్కువని అవి తెప్పించకండి. ఆన్‌లైన్ సరుకు దేవరకొండకు చేరడానికి రోజులు పడుతుంది, పది రోజుల్లో అవి తీసేసి లెక్క వేసుకోండి.

పని చేసే గదిని పొద్దున తడిగుడ్డ పెట్టి తుడవండి. ఫ్యాన్, కూలర్ ఆపి, కిటికీలు మూసి అరగంట వదిలేస్తే దుమ్ము కిందికి దిగుతుంది. భుజం మీద తువ్వాలు తీసేయండి, నూగు రాలేది దాన్నుంచే. సెన్సార్ ద్రవం మంటకు అంటుకునే సరుకు, దేవుడి దీపం, అగరబత్తి ఆ గదిలో ఉండొద్దు.

బ్యాటరీ నిండా చార్జ్ ఉండాలి. మీరు బల్బ్ మోడ్ వాడారు, అది అన్నిటికంటే పెద్ద తప్పు. వేలు జారితే అద్దం, షట్టర్ రెక్కలు వచ్చి ఇయర్ బడ్ మీద పడతాయి, రెక్క వంగితే ఖర్చు పూర్తిగా వేరే స్థాయిలో ఉంటుంది. పైగా బల్బ్‌లో సెన్సార్‌కు కరెంటు పారుతూ ఉంటుంది, దుమ్మును ఇంకా లాక్కుంటుంది. మీ కెమెరాలో సెటప్ మెనూలో అద్దాన్ని పైకి ఎత్తి శుభ్రం చేసుకునే వీలు విడిగా ఉంది, "లాక్ మిర్రర్ అప్ ఫర్ క్లీనింగ్" అని. కెనాన్ వాళ్లకు "క్లీన్ మాన్యువల్లీ". అది పెట్టి షట్టర్ బటన్ నొక్కితే అద్దం లేచి, కెమెరాను ఆఫ్ చేసేదాకా అలాగే ఉంటుంది.

ముందు గాలి. కొత్త బ్లోయర్‌ను బయట పది పదిహేను సార్లు నొక్కండి, లోపల తయారీ పొడి ఏమైనా ఉంటే పోతుంది. కెమెరా నోరు నేల వైపు తిప్పి పట్టుకొని, బ్లోయర్ ముక్కు లెన్స్ రింగు దాటి లోపలికి పోకుండా, గట్టిగా ఎనిమిది పదిసార్లు కొట్టండి. కదిలిన దుమ్ము కిందికి రాలాలని నోరు కిందికి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలిలో నూనె, నీటి తుంపర ఉంటాయి, అది పనికిరాదు. స్ప్రే డబ్బాల్లో వచ్చే గాలి కూడా అంతే, వంచి కొడితే ద్రవమే బయటికొచ్చి గాజు మీద గడ్డకడుతుంది. ఇంత గాలి కొట్టేది స్వాబ్‌కు దారి కోసం. దురాజ్‌పల్లి గుట్ట దుమ్ములో గట్టి రేణువులు ఉంటాయి. ఒక్క రేణువు స్వాబ్ కింద ఇరుక్కుంటే మీరే దాన్ని పలక మీద ఈడ్చినట్టు.

మళ్లీ పరీక్ష ఫొటో తీయండి. పొడి చుక్కలు సగం పోయి ఉంటాయి. మీకు చారలున్నాయి కాబట్టి తడి పని తప్పదు.

అసలు పలక ముట్టే ముందు లెన్స్ ముందు బిగించే పాత యూవీ ఫిల్టర్ గాజు ఒకటి బల్ల మీద పెట్టి, దాని మీద స్పిరిట్ చార వేసి, ఒక స్వాబ్ ఖర్చు పెట్టి అలవాటు చేసుకోండి. ఎంత ఒత్తిడి అంటే, స్వాబ్ పుల్ల కొద్దిగా, కంటికి తెలిసీ తెలియనంత వంగాలి. ద్రవం రెండు చుక్కలు, స్వాబ్ అంచు మీద ఒకటి ఇటు, ఒకటి అటు. ఐదారు సెకన్లు ఆగితే అంచంతా పాకుతుంది. మూడో చుక్క వేస్తే పలక అంచుల్లోకి కారి, ఎండినచోట వలయం మిగులుతుంది. ఒక్క చుక్కతో సరిపెడితే పొడిబట్ట గరగరలాడినట్టు ఈడుస్తుంది. స్వాబ్‌ను పలక ఎడమ అంచున ఆనించి, కదిలే దిక్కు వైపు పుల్లను కాస్త వాల్చి, ఆపకుండా కుడి అంచు దాకా ఒక్క లాగు. అక్కడ ఎత్తకుండానే పుల్లను ఇటు వాల్చి, స్వాబ్ రెండో వైపు పలకకు తగిలేలా, కుడి నుంచి ఎడమకు ఇంకో లాగు. అంతే, ఆ స్వాబ్ చెత్తబుట్టకు. మరక కొంచెమే ఉందని అదే స్వాబ్‌తో మూడోసారి రుద్దారో, తీసిన మురికి మళ్లీ పూసినట్టే. కెమెరా ఆఫ్ చేసి, లెన్స్ పెట్టి, పరీక్ష ఫొటో. మీ మరకకు రెండు నుంచి నాలుగు స్వాబ్‌లు పట్టవచ్చు. నాలుగు తర్వాత కూడా అదే చార అదే చోట ఉంటే ఆపేయండి. ఐదోది మొండితనం.

రెండో దారి హైదరాబాద్ సర్వీస్ సెంటర్. పొద్దున మొదటి బస్సు ఎక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు, కానీ అదే రోజు చేతికిస్తారా అని ముందే ఫోన్ చేసి అడగాలి. కొన్నిసార్లు రెండు మూడు రోజులు పెట్టుకుంటారు. వెళ్తే మీరు స్పిరిట్ వాడిన సంగతి దాచకండి, వాళ్లు దాన్ని బట్టే ద్రవం ఎంచుకుంటారు. తుడవడానికి ముందు, తర్వాత ఎఫ్ 22లో తీసిన ఫొటోలు చూపించమనండి. గాజు పలక మార్చాలంటే ఖర్చు కాగితం మీద రాయించుకొని, మామను అడగకుండా ఒప్పుకోకండి. ఈ దారిలో చేతి వణుకు భయం ఉండదు. కానీ కెమెరా ఒక రోజంతా స్టూడియోలో కనబడదు, మామ అడగకుండా ఉంటారా?

మూడోది, పెండ్లి అయ్యేదాకా ఏమీ చేయకుండా నెట్టుకురావడం. ఇది వినడానికి పిరికితనంలా ఉంటుంది గానీ సాంకేతికంగా తప్పేం లేదు. ఎఫ్ 4, ఎఫ్ 5.6 దగ్గర దుమ్ము చుక్కలు దాదాపు కనబడవు, రంధ్రం చిన్నదయ్యే కొద్దీ నీడ గట్టిపడుతుంది. మండపంలో ఫ్లాష్‌తో తీసే ఫొటోలకు నడిచిపోతుంది. దొరికిపోయేది రెండు చోట్ల: పగటిపూట ఆరుబయట ఎఫ్ 11లో తీసే గ్రూప్ ఫొటోలు, వీడియో. ఫొటోలో చుక్కను కంప్యూటర్‌లో చెరిపేయవచ్చు, ఒక ఫొటోకు చేసిన దిద్దుబాటు మిగతావాటికీ ఒకేసారి వేయవచ్చు. వీడియోలో పెండ్లికూతురు ముఖం మీద నుంచి జారే మచ్చను తీయడం పెద్ద తలనొప్పి. స్పిరిట్ చార సంగతి ఇంకా వేరు. దీపాలకు ఎదురుగా తీసినప్పుడు అది ఫొటో అంతటినీ వెలవెలబోయేలా చేయవచ్చు. వేరే స్టూడియో నుంచి ఒక కెమెరా బాడీ (లెన్స్ లేని కెమెరా) రెండు రోజులకు అద్దెకు తెచ్చుకోవడం ఇంతకంటే నయం, ఆ మాట కూడా మామ నోటి నుంచే రావాలి.

మూడు దారులూ చివరికి మామ దగ్గరికే వచ్చాయి చూడండి. మీరు రహస్యంగా తుడిచి పెట్టారనుకుందాం, మరక పూర్తిగా పోయిందనుకుందాం. మామ దృష్టిలో కెమెరాను పడేసినవాడు ఆ పిల్లవాడే. కెమెరా బాగుపడింది కాబట్టి వాడి మీద అనుమానం పోదు, "ఎట్లనో సాఫ్ అయింది, కానీ వాని చేతికి ఇయ్యొద్దు" అనే మాట మిగులుతుంది. వాడి కూలి మీద దెబ్బ పడుతుంది. అది ఇప్పటికే మొదలైందని మీ ఉత్తరంలో మూడో పేజీలో మీరే రాశారు, ఆదివారం ఫంక్షన్‌కు వాణ్ణి తీసుకుపోలేదని. ఇక తుడవడంలో గీత పడితే? అప్పుడు చెప్పాల్సింది రెండింతలు అవుతుంది, వినేవాళ్లకు నమ్మకం సగమవుతుంది.

సంబంధం మాట. మీ భయం అర్థమవుతోంది, మామ మీద కోపమంటే ఇంట్లో రెండు పొయ్యిలు ఆరినట్టే. అయితే ఫొటోగ్రాఫర్ అయిన మనిషికి సెన్సార్ మీద దుమ్ము పడటం కొత్త కాదు. లెన్స్ మార్చే ప్రతి కెమెరాకూ అది పడుతుంది. ఆయనకు మండేది ఇయర్ బడ్ సంగతికి. దానికి రెండు తిట్లు తప్పవు, తినండి. తర్వాత ఎప్పుడో ఆ పిల్లవాడి నోటి నుంచి తెలిస్తే వచ్చే కోపం తిట్లతో పోయేది కాదు.

చెప్పాలని నిర్ణయించుకుంటే ఉత్త చేతులతో వెళ్లకండి. పరీక్ష ఫొటో కంప్యూటర్‌లో తెరిచి పెట్టి, చుక్కలేవో, చారలేవో చూపిస్తూ చెప్పండి: "మామా, జాతరల లెన్స్ మార్చింది నేనే. నోటితోని ఊదింది, బడ్ పెట్టింది కూడ నేనే. ఆ పిలగాడు ముట్టలే. స్వాబులు తెప్పియ్యాల్నా, పట్నం తీస్కపోవాల్నా, నువ్వు చెప్పు." ఆయన ఎదుటే తుడిస్తే ఇంకా మంచిది, లేదా ఆయన చేత్తోనే తుడుస్తానంటే బ్లోయర్ మీరు పట్టుకోండి. చెప్పడం కుదరదనిపిస్తే కనీసం ఆ పిల్లవాడి తప్పు లేదన్న ఒక్క ముక్కైనా ఈ వారంలోనే మామ చెవిన వేయండి. "మరి ఎవరు?" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది, దానికి సిద్ధపడే వేయండి.

24-120 లెన్స్‌ను ఇంకా ముట్టుకోలేదని రాశారు, మంచి పని చేశారు. దాని మీద పసుపు పడి ఉంటే తడిగుడ్డ పెట్టొద్దు, తడి తగిలితే పసుపు రబ్బరు గాడుల్లో మరకై కూర్చుంటుంది. మెత్తటి పెయింట్ బ్రష్‌తో పొడిగా దులపండి, ఆ తర్వాతే జూమ్ రింగు తిప్పండి. ఆ లెన్స్ సాగేటప్పుడు గాలి పీల్చుకుంటుంది, ముందే తిప్పితే పసుపంతా లోపలికి పోతుంది. ముందు గాజుకు బ్లోయర్, తర్వాత లెన్స్ కాగితం మీద ఒక చుక్క లెన్స్ ద్రవం, మధ్య నుంచి బయటికి చుట్టుగా. ద్రవం గాజు మీద నేరుగా వేయకండి, అంచు నుంచి లోపలికి దిగుతుంది. కిటికీ అద్దాలు తుడిచే నీలం ద్రవాన్ని లెన్స్‌కు, కెమెరా వెనక తెరకు దూరంగా ఉంచండి, అందులో అమ్మోనియా ఉంటే పూతలు దెబ్బతింటాయి.

50 లెన్స్‌లో మీరు చూసిన పోగులు బూజు. నీళ్లలో తడవకపోయినా పడుతుంది. గాలి ఆడని చీకటి బీరువా, వానాకాలపు తేమ చాలు దానికి. మీ వైపు ఎండాకాలం గాలి పొడిగానే ఉంటుంది, జూలై నుంచి అక్టోబర్ దాకానే అసలు ముప్పు. డాంబర్ గోలీలు బూజును ఆపవు, పైగా వాటి ఆవిరి గాజు మీద పొరలా పేరుకుంటుంది. లోపలి గాజు మీద బూజును ఇంట్లో తీయలేరు, లెన్స్ విప్పాలి. 50 ఎఫ్ 1.8 లాంటి చవక లెన్స్ అయితే విప్పించే ఖర్చు, సెకండ్ హ్యాండ్‌లో ఇంకోటి కొనే ఖర్చు దగ్గర దగ్గరగా వస్తాయి, రెండూ కనుక్కొని తేల్చుకోండి. పోగులు నాలుగైతే ఫొటోలో తేడా కనబడదు, వాడుకోవచ్చు. ఎండలో పెడితే చస్తుందని ఎవరైనా చెబితే వినకండి. ఎండలో లెన్స్ భూతద్దమే, కింద ఉన్న గుడ్డ కాలుతుంది.

ఇకనుంచి బీరువా మానేసి, మూతకు రబ్బరు ఉన్న పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టుకోండి. అందులో గుడ్డసంచిలో 200 గ్రాముల సిలికా జెల్, చిన్న తేమ మీటరు. మీటరు 40 నుంచి 50 మధ్య ఉంటే చాలు. 60 దాటితే బూజుకు పిలుపు, 30 కంటే దిగితే రబ్బరు, లోపలి గ్రీజు ఎండుతాయి. నారింజ రంగు గింజలు పచ్చబడితే తేమ పట్టాయని అర్థం. వంటకు వాడని పాత కడాయిలో సన్నని సెగ మీద, మళ్లీ నారింజ రంగు వచ్చేదాకా కలుపుతూ వేడిచేసి, చల్లారాక డబ్బాలో వేయండి. నీలం గింజలు కొనకండి, వాటి రంగు కోబాల్ట్‌ది, పిల్లలున్న ఇంట్లో మంచిది కాదు. బియ్యంలో పెట్టడం కూడా వద్దు, ఆ పిండి దుమ్ము వదిలించుకోవడానికి ఇంకో కథ.

పెండ్లి రోజు సంగతి. ఏసీ ఫంక్షన్ హాల్ నుంచి బరాత్ కోసం బయటికి వచ్చేటప్పుడు కెమెరాను బ్యాగులో పెట్టి జిప్ మూసి, ఇరవై నిమిషాలు ఆగి తీయండి, లేకపోతే చల్లటి గాజు మీద బయటి తేమ చెమటలా పడుతుంది. లెన్స్ మార్చాల్సి వస్తే కెమెరా ఆఫ్ చేసి, గాలికి వీపు పెట్టి, నోరు కిందికి పట్టుకొని మార్చండి. తలంబ్రాలప్పుడు మాత్రం ఏ లెన్స్ ఉంటే దానితోనే కానివ్వండి. తడి శుభ్రం ఏదైనా పెండ్లికి మూడు రోజుల ముందే అయిపోవాలి. ముందు రోజు రాత్రి చుక్క కనబడితే బ్లోయర్ ఒక్కటే, స్వాబ్ తీయొద్దు. పరీక్ష ఫొటోలన్నీ ఒక ఫోల్డర్‌లో తేదీ వేసి ఉంచండి. అందులో మొదటిది మామకు చూపించాల్సిందే, కాబట్టి శుభ్రం మొదలు పెట్టకముందే, ఈ సాయంత్రమే తీయండి.